హిట్లర్ చావలేదని ఇంట్లో ఎవరైనా వీడియో చూపిస్తే ఏం చేయాలి

పోయిన వేసవి సెలవుల్లో ప్రొద్దుటూరులో మా మేనమామ ఇంటికి వెళ్లాను. పొద్దున ఉగ్గాని తింటుంటే ఆయన ఫోన్ తెచ్చి నా ప్లేటు పక్కన పెట్టాడు. "చూడు అల్లుడా, హిట్లరు బంకర్లో చావలేదంట, సబ్‌మెరైన్ ఎక్కి అర్జెంటీనా పోయి ముసలోడై చచ్చినాడంట. అమెరికా వాళ్ల కాగితాలే చూపిస్తాండారు. మీరేమో బడిలో పిల్లోళ్లకు ఇంకా అదే పాత పాఠం చెప్తాండారు" అన్నాడు. నేను ఇరవై ఏళ్లకు పైగా హైస్కూల్లో సోషల్ చెబుతున్నాను. రోషం వచ్చి "అదంతా చెత్త మామా, ఇట్లాంటివి నమ్మొద్దు" అనేశాను. ఆయన ఫోన్ తీసుకుని లేచి వెళ్లిపోయాడు. మధ్యాహ్నం అన్నాల దాకా నాతో మాట్లాడలేదు.

తప్పు నాదే. ఆయన అడిగిన దాంట్లో ఒక్కదానికి కూడా నేను సమాధానం చెప్పలేదు, నోరు మూయించాలని మాత్రం చూశాను. బడి తెరిచాక పదో తరగతి పిల్లలు కూడా అదే ప్రశ్న అడిగారు. అప్పటి నుంచి దీన్ని పిల్లలతో, ఆ తర్వాత మామతో కూర్చుని ఎలా తేల్చుకోవాలో ఒక పద్ధతి పెట్టుకున్నాను. మీ నాన్నో, బావో, పక్కింటి అన్నో ఇదే వీడియో తెస్తే మీకు పనికొస్తుందని రాస్తున్నాను. ముందే చెప్పేస్తాను, హిట్లర్ 1945 ఏప్రిల్ 30న బెర్లిన్‌లో చనిపోయాడు, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఆ మాట చెప్పి ఊరుకుంటే ఎవరూ నమ్మరు, నమ్మాల్సిన అవసరం కూడా లేదు, ఎందుకు నమ్మాలో చూపించాలి.

ముందు ఒక కాగితం తీసుకోండి

నలభై నిమిషాల వీడియోలో ముప్పై మాటలు ఉంటాయి. ఒకదానికి సమాధానం చెప్పేలోపు ఇంకోటి వస్తుంది, దానికి చెప్పేలోపు ఇంకోటి, చివరికి మీరు అలసిపోతారు, ఎదుటి మనిషి గెలిచానని అనుకుంటాడు. అందుకే వీడియో ఆపి, "మామా, వీళ్లు చెప్పినవాటిలో నీకు బాగా నమ్మకంగా అనిపించింది ఏది? ఒక్కటి చెప్పు" అని అడగండి. అది కాగితం మీద ఆయన మాటల్లోనే రాయండి. దాని కింద మూడు ప్రశ్నలు రాయండి. ఈ మాట మొదట అన్నది ఎవరు? ఎప్పుడు అన్నారు? వాళ్లు కళ్లారా చూశారా, ఎవరో చెప్తే విన్నారా? ఈ మూడింటికి జవాబు దొరికే దాకా రెండో మాటకు పోవద్దు. పిల్లలతో చేసినప్పుడు సగం మాటలు రెండో ప్రశ్న దగ్గరే ఆగిపోయాయి, ఎందుకంటే ఆ వీడియోల్లో తేదీలు చెప్పరు.

అసలు జరిగింది మీకు వరుసగా తెలిసి ఉండాలి, లేకపోతే ఎవరు ఏ పక్కకు లాగితే ఆ పక్కకు పోతారు. 1945 ఏప్రిల్ ఆఖరుకు సోవియట్ సైన్యం బెర్లిన్‌ను చుట్టుముట్టింది. హిట్లర్ తన ప్రభుత్వ కార్యాలయమైన ఛాన్సలరీ భవనం తోట కింద కట్టిన బంకర్లో ఉన్నాడు. 28న ఇటలీలో ముస్సోలినీని కాల్చి చంపారు, మరుసటి రోజు మిలాన్ నగరంలో శవాన్ని తలకిందులుగా వేలాడదీశారు. 29 తెల్లవారకముందే హిట్లర్ ఎవా బ్రౌన్‌ను పెళ్లి చేసుకున్నాడు, వీలునామా రాయించాడు, తమ శవాలను వెంటనే కాల్చేయాలని అందులో చెప్పాడు. 30వ తేదీ మధ్యాహ్నం ఆమె సైనైడ్ తీసుకుంది, అతను తుపాకీతో కాల్చుకున్నాడు. పనిమనిషి హైంజ్ లింగ, అంగరక్షక అధికారి ఒట్టో గున్షె, మరికొందరు కలిసి శవాలను తోటలోకి మోసుకెళ్లి పెట్రోలు పోసి తగలబెట్టారు. పైన ఫిరంగి గుండ్లు పడుతూనే ఉన్నాయి.

శవాన్ని ఎందుకు కాల్పించుకున్నాడో మన ప్రాంతం వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. పాత కర్నూలు జిల్లా కోయిలకుంట్లలో 1847 ఫిబ్రవరి 22న ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని ఉరి తీశాక, ఆయన తలను కోట గుమ్మానికి 1877 దాకా వేలాడదీసి ఉంచారు. మనుషుల్లో పోలిక తేవడం నా ఉద్దేశం కాదు, ఆయన మనకు వీరుడు. పాలకులు ఓడిన మనిషి శవంతో ఏం చేస్తారు, జనానికి ఏం చూపించాలనుకుంటారు అన్నది మాత్రం చూడండి. తన శవం అట్లా ఎవరి చేతికీ చిక్కకూడదని హిట్లర్ అనుకున్నాడు, ఆ కోరిక సగం నెరవేరింది, ఆ సగంలో నుంచే ఎనభై ఏళ్ల పుకార్లు పుట్టాయి.

అనుమానం ఎక్కడ పుట్టిందో వెతకండి

ఇదే నేను పిల్లలతో ఎక్కువసేపు కూర్చునే భాగం. హిట్లర్ బతికి ఉన్నాడన్న మాట యూట్యూబ్‌లో పుట్టలేదు. దానికి ఊరూ పేరూ ఉన్నాయి, పుట్టిన తేదీ కూడా దాదాపు చెప్పొచ్చు.

మొదటి అబద్ధం జర్మన్లే చెప్పారు. మే 1 రాత్రి హాంబర్గ్ రేడియోలో హిట్లర్ ఆఖరి శ్వాస దాకా పోరాడుతూ నేలకొరిగాడని ప్రకటించారు. ఆత్మహత్య అని చెప్పలేదు. అంటే చావు వార్త బయటికి వచ్చిన మొదటి రోజే అందులో కల్పన కలిసింది.

రెండోది ఇంకా పెద్దది. మే మొదటి వారంలోనే సోవియట్ సైన్యపు గూఢచారి విభాగం స్మెర్ష్ ఆ తోటలో కాలిన శవాలను తవ్వి తీసింది. పళ్లను బట్టి గుర్తు పట్టింది కూడా. అయినా స్టాలిన్ ఆ విషయం బయటపెట్టలేదు. మే చివర్లో మాస్కో వచ్చిన అమెరికా ప్రతినిధి హ్యారీ హాప్కిన్స్‌తో హిట్లర్ తప్పించుకుని ఉంటాడని అన్నాడు. జులైలో పోట్స్‌డామ్ సమావేశంలో అమెరికా విదేశాంగ మంత్రి జేమ్స్ బర్న్స్‌తో స్పెయిన్‌లోనో అర్జెంటీనాలోనో ఉంటాడని అన్నాడు. మధ్యలో జూన్ 9న బెర్లిన్‌లో సోవియట్ సేనాని మార్షల్ జుకోవ్ విలేకరుల ముందు, హిట్లర్ శవం దొరకలేదు, ఆఖరి నిమిషంలో విమానంలో వెళ్లిపోయి ఉండొచ్చు అన్నాడు. బెర్లిన్‌ను జయించిన సేనానికే పళ్ల సంగతి తెలియనివ్వలేదు. ఇరవై ఏళ్ల తర్వాత ఆ విషయం తెలిసి ఆయనే ఆశ్చర్యపోయాడు.

ఇది మీ మామకు చెప్పండి. చెప్పేటప్పుడు, "నీ అనుమానం ఊరికే పుట్టింది కాదు మామా, గెలిచిన దేశం పెద్దలే ప్రపంచానికి అట్లా చెప్పినారు" అనండి. నేను ఈ మాట అన్నాకే మా మామ కుర్చీ లాక్కుని దగ్గరికి వచ్చాడు. అర్జెంటీనా అన్న పేరు ఆ వీడియోలోకి ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడు ఆయనకే కనబడింది.

ఖచ్చితమైన వార్త లేనప్పుడు మనుషుల మనసు ఎట్లా పనిచేస్తుందో కడప జిల్లా వాళ్లకు అనుభవం. 2009 సెప్టెంబరు 2 పొద్దున ముఖ్యమంత్రి హెలికాప్టర్ కనబడలేదన్నప్పటి నుంచి మరుసటి పొద్దున పావురాలగుట్ట దగ్గర ఆనవాళ్లు దొరికేదాకా మా వీధిలో ఎవరూ నిద్రపోలేదు. ఎక్కడో దిగారంట, ఎవరో చూశారంట, ఫోన్ కలిసిందంట అని గంటకో మాట వచ్చేది, ప్రతి మాటనూ మేం నమ్మాం, నమ్మాలని గట్టిగా కోరుకున్నాం. ఇక్కడ కూడా మనుషుల్ని పోల్చడం లేదు, వార్త తెలియని ఆ ఒక్క రాత్రిని మాత్రమే చెబుతున్నాను. అది ఒక రాత్రి. హిట్లర్ విషయంలో ఆ ఖాళీని కావాలని ఏళ్ల తరబడి తెరిచే ఉంచారు.

సాక్షుల్ని మన కోర్టు కళ్లతో చూడండి

సీమలో పుట్టినవాళ్లకు సాక్ష్యం అంటే ఏమిటో పుస్తకాలు చెప్పక్కర్లేదు. పదిమంది సాక్షులు ఒకే మాట, అక్షరం పొల్లుపోకుండా చెబితే ఎవరో కూర్చోబెట్టి నేర్పించారని ఊళ్లో ముసలమ్మ కూడా చెబుతుంది. నిజంగా చూసినవాళ్లు అసలు విషయంలో కలుస్తారు, చిన్నచిన్న వాటిల్లో తేడా పడతారు.

బంకర్ సాక్షులు సరిగ్గా అట్లాగే ఉన్నారు. ఏ కణతకు తూటా తగిలింది, సోఫాలో ఎవరు ఏ పక్కన ఉన్నారు, చప్పుడు వినబడిందా లేదా అన్న దగ్గర తేడాలు ఉన్నాయి. వీడియోలు ఈ తేడాలనే పట్టుకుని "చూశారా, అబద్ధం" అంటాయి. కానీ చనిపోయాడు, దుప్పటిలో చుట్టి మోశాం, తోటలో కాల్చాం అన్న దగ్గర అందరూ ఒకటే.

ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. వీళ్లంతా ఒకచోట కూర్చుని కథ కట్టుకునే వీలు లేదు. కొందరు బ్రిటిష్, అమెరికా వాళ్ల చేతికి చిక్కారు. వాళ్లను బ్రిటిష్ గూఢచారి అధికారి హ్యూ ట్రెవర్ రోపర్ 1945 సెప్టెంబరు నుంచి వెతికి వెతికి ప్రశ్నించి, నవంబరు 1న బెర్లిన్‌లో విలేకరులకు ఫలితం చెప్పాడు. ఆయన దగ్గర శవం లేదు, సోవియట్ వాళ్లు సహకరించలేదు, మనుషుల మాటలు మాత్రమే ఉన్నాయి. శవాన్ని మోసిన లింగ, గున్షె మాత్రం సోవియట్ జైళ్లలో ఉండిపోయారు, 1955, 56 ప్రాంతంలో గానీ బయటికి రాలేదు. పదేళ్ల తర్వాత వాళ్లు వచ్చి చెప్పింది, ట్రెవర్ రోపర్ రాసిన దానితో ప్రధాన విషయాల్లో కలిసింది. 1956లో జర్మనీ కోర్టు ఇలాంటి సాక్ష్యాలన్నీ విన్నాకే హిట్లర్ చనిపోయినట్టు అధికారికంగా ప్రకటించింది. మీ వీడియోలో చెప్పే సాక్షి ఎవరైనా సరే, అతన్ని ఎవరు విడిగా కూర్చోబెట్టి ప్రశ్నించారు, ఎదుటి ప్రశ్నలకు నిలబడ్డాడా అని అడగండి.

పళ్లు

సాక్షులను కూడా నమ్మను అనేవాళ్లు ఉంటారు. వాళ్లకు పళ్ల సంగతి చెప్పండి. కాలిపోయిన బస్సులో దొరికిన మనిషిని ఎట్లా గుర్తుపడతారో మన దగ్గర అందరికీ తెలుసు, డీఎన్ఏ తీస్తారు, పళ్లు చూస్తారు. 1945లో డీఎన్ఏ లేదు, పళ్లే దిక్కు. హిట్లర్ పళ్లు చాలా పాడైపోయి ఉండేవి, సొంత పళ్లు కొన్నే మిగిలాయి, మిగతావి బంగారు బ్రిడ్జిలు, క్యాపులు. అలాంటి నోరు ఇంకొకరికి ఉండే అవకాశం లేదు.

ఆయన డెంటిస్టు హ్యూగో బ్లాష్కె బెర్లిన్ వదిలి వెళ్లిపోయాడు. కానీ అతని దగ్గర సహాయకురాలిగా పనిచేసిన కేథె హోయ్‌జర్‌మన్, పళ్లు తయారుచేసిన టెక్నీషియన్ ఫ్రిట్జ్ ఎక్ట్‌మన్ బెర్లిన్‌లోనే దొరికారు. సోవియట్ వాళ్లు మొదట దవడ ఎముక చూపించకుండా, నోట్లో ఏం ఉండేదో గుర్తున్నంత వరకు చెప్పమని అడిగారు. ఆమె చెప్పింది, ఆ తర్వాత చూపిస్తే గుర్తుపట్టింది. ఎక్ట్‌మన్ కూడా అంతే. ఈ వరుస చాలా ముఖ్యం, పిల్లలకు నేను దీన్ని ప్రత్యేకంగా చెబుతాను. ముందు చూపించి తర్వాత అడిగితే ఎవరైనా అవును అంటారు. ముందు చెప్పించి తర్వాత చూపించడం అసలైన గుర్తింపు. ఆ దవడను ఉంచిన చిన్న పెట్టె, జర్మనీ లొంగిపోయి సైనికులు సంబరాలు చేసుకుంటున్న రోజున, ఎలెనా ర్జెవ్‌స్కాయా అనే యువ దుబాసీ చేతిలో ఉంది, పోగొట్టకుండా చూసుకోమని పై అధికారులు ఆమెకు అప్పగించారు.

తర్వాత కూడా దీన్ని వేరేవాళ్లు పరీక్షించారు. 1944లో హిట్లర్ తలకు తీసిన ఎక్స్‌రేలు అమెరికా ఆర్కైవ్స్‌లో దొరికాయి. వాటిని సోవియట్ వాళ్ల శవ పరీక్ష వివరాలతో, బ్లాష్కె అమెరికన్లకు చెప్పిన దానితో సరిపోల్చి, రెయిడార్ సోగ్నెస్, ఫెర్డినాండ్ స్ట్రోమ్ అనే దంత నిపుణులు 1973లో అవి హిట్లర్‌వేనని రాశారు. 2017లో ఫ్రాన్స్ నుంచి ఫిలిప్ షార్లియె బృందం మాస్కో వెళ్లి అసలు పళ్లనే చూసింది, 2018లో వైద్య పత్రికలో ప్రచురించింది, అవే పళ్లు అని తేల్చింది. పళ్ల గార మీద మాంసం పీచు ఆనవాళ్లు కనబడలేదని కూడా రాశారు, హిట్లర్ శాకాహారిగా ఉన్నాడన్న దానికి అది సరిపోతుంది.

నేనే పొరపడిన చోటు

2009లో ఒక టీవీ కార్యక్రమం తర్వాత, మాస్కోలో ఉన్న హిట్లర్ పుర్రె ఒక స్త్రీదని వార్త వచ్చింది. అమెరికాలో కనెక్టికట్ యూనివర్సిటీ వాళ్లు డీఎన్ఏ చూస్తే నలభై ఏళ్ల లోపు స్త్రీదని తేలిందని పేపర్లో చదివి, మరుసటి రోజు క్లాసులో ఉత్సాహంగా చెప్పేశాను. అప్పుడు నా దగ్గర చదివిన ఒక అబ్బాయి ఈ మధ్య అనంతపురం బస్టాండులో కనబడి, "సార్, మీరే కదా అప్పుడు పుర్రె ఆడమనిషిది అని చెప్పింది, ఇంకా గుర్తుంది" అన్నాడు. ఆ మాట విని చాలా బాధ అనిపించింది. పద్నాలుగేళ్ల పిల్లవాడి తలలో నేను పెట్టిన సగం మాట అన్నేళ్లూ అలాగే ఉండిపోయింది. అక్కడే నిలబడి మిగతా సగం చెప్పాను, బస్సు కదిలేదాకా.

ఆ మిగతా సగం ఇది. పుర్రె ముక్క వేరు, దవడ వేరు. దవడ 1945 మేలో దొరికింది, దాన్నే డెంటిస్టు దగ్గర పనిచేసినవాళ్లు గుర్తుపట్టారు. పుర్రె ముక్క 1946లో అదే తోటలో రెండోసారి తవ్వినప్పుడు దొరికింది, చుట్టుపక్కల చాలామంది చచ్చిపడ్డ నేల అది. ఆ ముక్క వేరే ఎవరిదైనా అయినంత మాత్రాన దవడ మాట ఏమీ మారదు. కాబట్టి పుర్రె మాట ఎవరైనా తెస్తే, "ఏ ముక్క గురించి చెబుతున్నారు, దవడ గురించా, తల పైభాగం గురించా" అని ఒక్క ప్రశ్న అడగండి, చాలు. శవాల్లో మిగిలినదాన్ని 1946లో మాగ్డెబర్గ్‌లో పాతిపెట్టి, 1970లో సోవియట్ గూఢచారి సంస్థ కేజీబీ తవ్వించి పూర్తిగా కాల్చి బూడిద నీళ్లలో కలిపింది, అందుకే ఇప్పుడు సమాధి లేదు. సమాధి లేదన్న మాటను కూడా వీడియోలు రహస్యంలాగా చెబుతాయి.

కాగితం ఉంది అంటే

మా మామ గట్టిగా నమ్మింది అమెరికా కాగితాలనే. అవి నిజంగానే ఉన్నాయి, నకిలీవి కావు. కానీ సోమవారం కలెక్టరేట్‌లో గ్రీవెన్స్ రోజు ఎవరైనా అర్జీ ఇస్తే నంబరు వేసి తీసుకుంటారు కదా, పక్కవాడు నా పొలం ఆక్రమించాడని రాసిచ్చినంత మాత్రాన ఆక్రమణ జరిగినట్టు కాదు కదా. అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ ఫైళ్లు అట్లాంటివే. హిట్లర్‌ను అక్కడ చూశాం, ఇక్కడ చూశాం అని జనం రాసిన ఉత్తరాలను వాళ్లు ఫైళ్లలో పెట్టి ఉంచారు, కొన్నింటిని విచారించారు, ఏదీ నిలబడలేదు.

అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ కాగితాన్ని మాత్రం మొత్తం చదవండి, పిల్లలతో చదివిస్తే ఇంకా మంచిది. 1955 అక్టోబరు నాటిది. దాన్ని వరుసపెట్టి చూస్తే ఇట్లా ఉంటుంది. ఫిలిప్ సిట్రొయెన్ అనే అతను తను కొలంబియాలో హిట్లర్‌ను కలుస్తుంటానని ఒక స్నేహితుడికి చెప్పాడు, ఆ స్నేహితుడు సీఐఏ ఇన్‌ఫార్మర్‌కు చెప్పాడు, ఇన్‌ఫార్మర్ సీఐఏకు చెప్పాడు. టున్హా అనే ఊళ్లో తీసినదంటూ ఒక ఫొటో కూడా ఉంది. కాగితం రాసిన అధికారే దీని మీద సరైన అంచనా చెప్పే స్థితిలో మేం లేమని అందులోనే రాశాడు. పైనుంచి వచ్చిన జవాబు, దీని మీద ఎంత శ్రమ పడినా గట్టిగా ఏదీ తేలే అవకాశం చాలా తక్కువ కాబట్టి వదిలేయమని. వీడియోలో మొదటి పేజీ చూపిస్తారు, ఈ జవాబు చూపించరు.

ఇక్కడ మన కడపలోనే ఒక పాఠం ఉంది. బ్రౌన్ దొర కడపలో బంగళా కొని, పండితులను పెట్టుకుని, వేమన పద్యాల తాళపత్రాలు, రాతప్రతులు ఎక్కడెక్కడి నుంచో తెప్పించి, ఒకదాన్ని ఇంకొకదాని పక్కన పెట్టి పాఠాంతరాలు చూశాడు. 1829లో వేమన పద్యాలు అచ్చు వేశాడు. ఇట్లా ప్రతులు సరిచూసేవాళ్లకు ఒక సంగతి తెలుసు, ఇరవై ప్రతులు ఒకే పాత ప్రతిని చూసి రాసినవైతే వాటిని ఇరవైగా లెక్కపెట్టకూడదు, ఒకటిగానే లెక్కపెట్టాలి. ఆ బంగళా ఉన్న చోటే ఇప్పుడు సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ఉంది, పిల్లల్ని తీసుకెళ్లి చూపించొచ్చు. ఫార్వర్డ్‌లకు కూడా ఇదే లెక్క. "యాభై వీడియోలు చెప్తాండాయి" అన్నాడు మామ. మూడు తెరిచి చూశాం. మూడింట్లోనూ అదే సీఐఏ కాగితం, అదే ఫొటో, అదే వరుస, ఒకదాంట్లో అయితే పేరు తప్పుగా రాసిన చోటు కూడా అదే తప్పు. నకలు రాసినవాడి తప్పు నకలు నకలుకూ వస్తుంది, అది పట్టుకుంటే తల్లి ప్రతి ఏదో తెలిసిపోతుంది.

ఫొటోల విషయం త్వరగా తేలిపోతుంది. ఫోన్‌లో గూగుల్ లెన్స్ తెరిచి ఆ ఫొటో వేయండి, వచ్చిన వాటిలో అన్నిటికంటే పాతది ఏదో చూడండి. గడ్డం పెట్టుకున్న హిట్లర్, బట్టతల హిట్లర్, మీసం లేని హిట్లర్ అని తిరిగే ఫొటోల్లో చాలావరకు 1944లో అమెరికా గూఢచారి సంస్థ ఓఎస్‌ఎస్ తయారు చేయించినవే, హిట్లర్ వేషం మార్చి పారిపోతే ఎట్లా కనబడతాడో ముందే తెలుసుకోవడానికి ఎడ్డీ సెన్స్ అనే మేకప్ నిపుణుడితో చేయించారు. నుదుటి మీద తూటా గాయం ఉన్న శవం ఫొటో ఇంకోటి తిరుగుతుంది, అది హిట్లర్ పోలికలున్న వేరే మనిషిదని అప్పట్లోనే తేల్చేశారు. ఇప్పుడు ఏఐతో చేసినవి కూడా వస్తున్నాయి, వాటికి పాత ఆనవాలు దొరకకపోవచ్చు, అట్లా దొరకనప్పుడు అనుమానంగా చూడండి.

సబ్‌మెరైన్ల మాట వస్తే

అర్జెంటీనాకు జర్మన్ సబ్‌మెరైన్లు వచ్చిన మాట నిజం. యూ-530 1945 జులై 10న, యూ-977 ఆగస్టు 17న మార్ డెల్ ప్లాటా రేవులో లొంగిపోయాయి, అందులో ఉన్నవాళ్లందరినీ విచారించారు, హిట్లర్ జాడ లేదు. నాజీలు దక్షిణ అమెరికాకు పారిపోయిన మాట కూడా నిజమే, ఇది దాచి మాట్లాడొద్దు. యూదులను చావు క్యాంపులకు తరలించే ఏర్పాట్లు చూసిన ఐక్‌మన్‌ను 1960లో అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిర్స్ దగ్గర ఇజ్రాయెల్ వాళ్లు పట్టుకున్నారు, ఆష్విట్జ్ క్యాంపు డాక్టరు మెంగెలె 1979లో బ్రెజిల్ సముద్రంలో మునిగి చనిపోయాడు, 1985లో ఎముకలు తవ్వితే 1992లో డీఎన్ఏ సరిపోయింది. అయితే ఎట్లా దొరికారో కూడా చూడండి. ఐక్‌మన్ మారుపేరుతో బతికినా భార్యాపిల్లలు అతని దగ్గరికే వచ్చారు, కొడుకు నోరు జారాడు. పారిపోయిన మనిషి తింటాడు, జబ్బు పడతాడు, ఉత్తరాలు రాస్తాడు, ఎవరితోనో పడుకుని లేస్తాడు. ఏదో ఒకటి మిగులుతుంది.

హిట్లర్ కార్యదర్శి బోర్మన్ సంగతి నాకు దీనికంటే బాగా పనికొచ్చింది. అతను కూడా దక్షిణ అమెరికాలో కనబడ్డాడని దాదాపు ముప్పై ఏళ్లు చెప్పుకున్నారు. 1972 డిసెంబరులో బెర్లిన్‌లో లెర్టర్ రైల్వే స్టేషన్ దగ్గర తవ్వుతుంటే ఎముకలు దొరికాయి, పళ్లు సరిపోయాయి, 1998లో డీఎన్ఏ కూడా సరిపోయింది. 1945 మేలో బంకర్ దాటిన కాసేపటికే చనిపోయాడు. ఆ ముప్పై ఏళ్లూ అతన్ని చూశామన్నవాళ్లు ఎవరిని చూసినట్టు? ఈ ప్రశ్న మామను అడిగితే చాలాసేపు ఆలోచించాడు.

పిల్లలు ఇక్కడ తప్పకుండా నేతాజీ గురించి అడుగుతారు. దాన్ని దీంతో కలపకండి. ఆయన నియంత కాదు, మన స్వాతంత్ర్యం కోసం పోరాడినవాడు. పైగా 1945 ఆగస్టు 18 తైహోకు విమాన ప్రమాదం మీద మన ప్రభుత్వం వేసిన కమిటీలే ఒకదానితో ఒకటి విభేదించాయి, షానవాజ్ కమిటీ, ఖోస్లా కమిషన్ ప్రమాదంలోనే చనిపోయారన్నాయి, ముఖర్జీ కమిషన్ కాదంది, ఆ నివేదికను 2006లో ప్రభుత్వం ఒప్పుకోలేదు. ప్రశ్నలు అవే అడగండి, జవాబు మాత్రం దాని కాగితాల్లోనే వెతకండి.

మాట్లాడేటప్పుడు

నలుగురిలో అడగొద్దు, ముఖ్యంగా ఫ్యామిలీ గ్రూపులో రాయొద్దు. పెద్దవాళ్లు అందరి ముందు మాట వెనక్కి తీసుకోలేరు, మనం కూడా తీసుకోలేం. ఇంట్లో, టీ తాగేటప్పుడు, ఫోన్ ఆయన చేతిలోనే ఉంచి, ఆయనతోనే వెతికించండి. ఒక పూటలో ఒక మాట చాలు. మా మామకు నాలుగు ఆదివారాలు పట్టింది. మీకు తెలియనిది వస్తే తెలియదనండి, వచ్చే వారం చూసి చెబుతానని చెప్పి నిజంగానే చూసి చెప్పండి. ఆయన ఒప్పుకునే దాకా వాదించొద్దు, కాగితం ఆయన దగ్గరే వదిలేసి రండి. ఇంకో సంగతి, "హిట్లర్ బతికుంటే ఏంటి, చస్తే ఏంటి" అని దాటేయొద్దు. అరవై లక్షల మంది యూదులను చంపించిన మనిషి ఎట్లా ముగిసిపోయాడన్నది తెలుసుకోవాలనుకోవడంలో తప్పేమీ లేదు.

నాలుగో ఆదివారం మామ సబ్‌మెరైన్ గురించి ఏమీ అడగలేదు. అమ్మ తెచ్చిన టీ తాగుతూ, "ఆ పండ్ల డాక్టరు దగ్గర పనిచేసిన పాప ఏమయింది అల్లుడా? నిజం చెప్పిందానికి ఏమన్నా ఇచ్చినారా?" అన్నాడు.

చెప్పాను. ఆమెను 1945లోనే మాస్కో తీసుకెళ్లి జైల్లో పెట్టారు. ఏళ్ల తరబడి విచారణ లేకుండా ఉంచి, 1951లో శిక్ష వేశారు. హిట్లర్ పళ్లకు వైద్యంలో సాయం చేసి యుద్ధం పొడిగించడానికి తోడ్పడిందని నేరం మోపారు. ఆ పళ్లు తన కళ్లతో చూసి హిట్లర్ చనిపోయాడని చెప్పగలిగిన ఆమె, బయట ప్రపంచమంతా అతను ఎక్కడున్నాడో అని వెతుకుతుంటే, ఒంటరి గదిలో కూర్చుని ఉంది. 1955లో వదిలారు.

మామ గ్లాసు కింద పెట్టి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఫోన్ తీసి, "ఆమె పేరు ఎట్లా రాస్తారో నువ్వే రాసియ్యి, నేను చూసుకుంటా" అన్నాడు. కాగితం కింద చోటు మిగిలి ఉంటే అక్కడ రాసిచ్చాను.